పాపికొండల్లో ఒక రాత్రి
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలే ఇచ్చారు. బడి జ్ఞాపకాలు మిగతావాళ్లు నాకంటే బాగా చెబుతారు. నన్ను సంఘం వాళ్లు ఒక పని మీద మాట్లాడమన్నారు. స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత తీసి పదో తరగతి పిల్లల్ని గోదావరి మీద పాపికొండలకు, ఒక రాత్రి అక్కడే పడుకునేలా, లాంచీ యాత్రకు తీసుకెళ్దామని కొందరు అన్నారు. వద్దన్నవాళ్లూ గట్టిగానే ఉన్నారు. మా బ్యాచ్ వాళ్లం పద్నాలుగు మందిమి 2018 జనవరిలో వెళ్లొచ్చాం. అందుకని ఆ సంగతి చెప్పమన్నారు.

పార్వతీపురంలో రైలెక్కి రాజమండ్రి చేరాం. పొద్దున్నే బస్సులో పురుషోత్తపట్నం రేవుకు తీసుకెళ్లారు. రెండంతస్తుల లాంచీ. కింద భోజనాలు, పైన కుర్చీలు, మైకులో పాటలు. ఆ పాటలు లేకపోతే యాత్ర ఇంకా బాగుండేదని నేనంటాను. మావాళ్లలో సగంమంది ఒప్పుకోరు, ఎందుకంటే డాన్సు చేసింది వాళ్లే. లంకలో పట్టిసీమ వీరభద్రుడి గుడి, ఆ పైన పోలవరం దగ్గర కొండల్ని తొలుస్తున్న యంత్రాలు, గండి పోచమ్మ గుడి, ఒడ్డునే ఇళ్లతో దేవీపట్నం. ఇవన్నీ దాటాక గాని కొండలు మొదలు కాలేదు.

మనకు నీళ్లంటే గెడ్డ. వానొస్తే పొంగుతుంది, పూటలో తగ్గుతుంది, పంచె ఎగ్గట్టుకుని దాటేస్తాం. గోదావరి అలాంటిది కాదు. రాజమండ్రి దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున్న నది, ఎగువన ఈ కొండల మధ్య అందులో నాలుగో వంతు కూడా ఉండదు. నీళ్లు మాత్రం అవే గదా. వెడల్పు లేనిచోట ఆ నీరంతా లోతుకు పోతుంది, ఉరవడి పెరుగుతుంది, మలుపుల్లో సుడులు తిరుగుతుంది. పైకి చూస్తే అద్దంలా ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నది కొండల మధ్య పాపిడి తీసినట్టు పోతుంది గనుక పాపిడికొండలు, నోట్లో నలిగి పాపికొండలు అయ్యాయంటారు. ఇంగ్లీషువాళ్లు వీటిని బైసన్ హిల్స్ అన్నారు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఇక్కడి కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పెద్ద పుస్తకమే ప్రచురించాడు. మనలో ఎక్కువమందికి మాత్రం ఈ దారి 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’తోనే తెలుసు. పేరంటపల్లిలో శివాలయం, మునివాటం చూసుకుని, సాయంత్రానికి కొల్లూరు ఇసుక తిన్నెల మీద దిగాం.

అక్కడ వెదురు గుడిసెలు. జనరేటరు రాత్రి కొంతసేపు ఆడి ఆగిపోయింది. మైకు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. పద్నాలుగు మందిమీ ఇసుకలో కూర్చున్నాం. మాకు వండిపెట్టినవాళ్లలో ఒక పెద్దాయన, కొండరెడ్డి, నెగడు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఏ ఊరు బాబూ అన్నాడు. పార్వతీపురం అవతల, కొండల్లో అన్నాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, “మీకూ కొండలున్నాయా? మరి డబ్బులిచ్చి ఇంత దూరం ఏం చూద్దామని వచ్చారు?” అన్నాడు.

నవ్వుకున్నాం గాని అప్పట్నుంచి కబుర్లు తెగలేదు. వాళ్ల దగ్గరా జీలుగు కల్లే. వాళ్లకూ చింతపండు, కొండచీపుర్లు, పోడు. మన కొండ సవరల్లాగే కొండరెడ్లు కూడా బాగా వెనకబడిన ఆదిమ తెగగా ప్రభుత్వం గుర్తించినవాళ్లు. ఒక్క తేడా ఉంది. మన సవరల ఇళ్లలో సవర వినిపిస్తుంది, వాళ్ల ఇంటిమాట తెలుగే. ఆనకట్ట కడితే మీ ఊరి సంగతేమిటని మాలో ఒకరు అడిగారు. ఇల్లు కట్టిస్తామన్నారు, పొలం ఇస్తామన్నారు, అన్నాడాయన. కాసేపాగి, “ఏరు ఎక్కడిస్తారు బాబూ” అన్నాడు. మేమెవరం మాట్లాడలేదు.

మర్నాడు దిగువకు తిరిగొచ్చాం. కథ అక్కడితో అయిపోతే ఈ ప్రతిపాదన మీద తగువే ఉండేది కాదు.

2019 సెప్టెంబరు 15న అదే దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర, ‘రాయల్ వశిష్ఠ’ లాంచీ బోల్తా పడింది. 77 మంది ఎక్కితే 26 మందే బతికారు. అప్పుడు నది వరదలో ఉంది, ఐదు లక్షల క్యూసెక్కుల పైమాట. ఇందాక చెప్పిన ఇరుకు, లోతు, సుడులు, వీటికి వరద తోడైంది. ముందుగా నాటు పడవలు వేసుకొచ్చి మనుషుల్ని పైకి లాగింది ఆ చుట్టుపక్కల ఊళ్ల గిరిజనులే. లాంచీని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని బయటికి తీయలేకపోయింది. యాత్రలు ఆగిపోయి 2021 నవంబరులో మళ్లీ మొదలయ్యాయి. అదే ఏడాది నదిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లించారు. నీరు వెనక్కి ఎగదన్నింది. మేం చూసిన దేవీపట్నం మునిగింది. ఆ ప్రాజెక్టు కింద ఊరు వదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే.

పిల్లల్ని పంపొద్దన్న తల్లిదండ్రుల భయం నాకు సబబుగానే తోస్తుంది. అయినా వెళ్లాలనే నా మాట. ఎందుకంటే మన పిల్లలకు పడవ కొత్త సంగతేం కాదు. పక్క కొమరాడ మండలంలో పూర్ణపాడు, లాబేసు మధ్య నాగావళి మీద వంతెన కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అక్కడ పడవెక్కిన పిల్లకు అది విహారం కాదు, బడికీ ఆస్పత్రికీ దారి. పడవను భయపడి వదిలెయ్యడం మనవాళ్లకు కుదరదు, నీటిని తెలుసుకుని ఎక్కడమే మార్గం. మన బడిలో కొండెక్కలేని పిల్లాడు లేడు, ఈత వచ్చినవాళ్లెందరో ఒక్కసారి చేతులెత్తించి లెక్కపెట్టండి. నిధిలోంచి మొదటి ఖర్చు ఈత నేర్పడానికి పెట్టండి, లాంచీ టిక్కెట్లు తర్వాత.

వెళ్లడం జనవరి, ఫిబ్రవరిల్లోనే. వరద నెలల్లో ఎవరు ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు. ఎక్కినప్పట్నుంచి దిగేదాకా, భోజనాల దగ్గర కూడా, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు పరిగెత్తకూడదు, లాంచీ ఒరిగేది అందుకే. సరంగు మాటే చివరి మాట, హెడ్మాస్టారిది కూడా కాదు. (మాస్టారు నవ్వుతున్నారు గనుక ఒప్పుకున్నట్టే.) రెండో రోజు తిరిగొచ్చే దారిలో ఒక పునరావాస కాలనీలో సగం పూట ఆగాలి. ఆ ఊళ్లవాళ్లు ఏం పోగొట్టుకున్నారో, ఏం దక్కిందో మన పిల్లలు వాళ్ల నోటే వినాలి. వాళ్లకు భోజనం మనం పెట్టాలి.

మా పద్నాలుగు మందిమి తలా ఐదు వేలు రాశాం. చిట్టా ఆఫీసు గదిలో ఉంది. పిల్లలతో వెళ్లడానికి ఈత వచ్చిన మాస్టార్లు ఇద్దరు, టీచరమ్మలు ఇద్దరు కావాలి. భోజనాలకు లేచేలోగా పేర్లు ఇవ్వండి.