తగ్గినది కరెంటా, వోల్టేజియా?

వరంగల్లు ప్రాంతమున బావి మోటారు మూలుగుచు నీరెత్తకున్నచో రైతులు ‘కరెంటు తక్కువగా వచ్చుచున్నది’ అందురు. మాట సహజమే గాని సరియైనది కాదు. అప్పుడు తగ్గినది వోల్టేజి, కరెంటన్ననో పెరిగియుండును. మోటారు కాలుటకు మూలమీ భేదమందే యున్నది.

పాకాల చెరువును తలచుకొన్నచో విషయము సుబోధమగును. చెరువులోని నీటి ఎత్తు వోల్టేజి వంటిది. తూము గుండ పారు నీరు కరెంటు వంటిది. కాలువ యిరుకుదనము నీటి నడ్డగించునట్లు తీగె కరెంటు నడ్డగించును, ఇదియే నిరోధము. జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు ఓమ్ ఒకే మందము గల తీగెలను వేర్వేరు పొడవులలో పరీక్షించి, 1827లో తన సూత్రమును గ్రంథరూపమున ప్రకటించెను. వోల్టేజిని నిరోధముచే భాగించిన కరెంటు వచ్చును. 1.5 వోల్టుల టార్చి సెల్లును 3 ఓముల తీగెకు కలిపిన ఇంచుమించు అర ఆంపియరు పారును; రెండు సెల్లులను వరుసగా కూర్చిన అది రెట్టింపగును. ఏ పాఠశాలలోనైనను పిల్లలు చేసి చూడదగిన పరీక్ష యిది.

ఇక పొలమునకు పోవుదము. కంబము నుండి బావికి 200 మీటర్లు దూరమనుకొందము. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె రాకపోకలకు 400 మీటర్లు కావలెను; దాని నిరోధము సుమారు 3 ఓములు. సింగిల్ ఫేజు మోటారు 8 ఆంపియర్లు తీసికొన్నచో 24 వోల్టులు త్రోవలోనే పోవును. 230 బయలుదేరిన చోట 206 మాత్రమే చేరును. తిరుగ నారంభించు క్షణమున మోటారు ఐదారు రెట్ల కరెంటు కోరును గనుక, అప్పటి నష్టము మరింత పెద్దది.

వోల్టేజి తగ్గిన బల్బు మసకబారును, అంతే. మోటారు స్వభావము వేరు. ఎత్తవలసిన నీటి బరువు తగ్గదు. కావున అది ఎక్కువ కరెంటును లాగును. చుట్టలలోని వేడిమి కరెంటు వర్గమును బట్టి పెరుగును. 8 ఆంపియర్లు 10 అయినచో వేడిమి ఒకటిన్నర రెట్లు దాటును. పైపూత మాడి, మోటారు రివైండింగునకు పోయిన దినములలోనే మడి నెర్రెలు విచ్చును.

ఈ నష్టమును తగ్గించుటకే 11,000 వోల్టుల లైనును పొలముల దాపునకు తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు నిలుపు పద్ధతి యేర్పడినది. అంతే శక్తికి 415 వోల్టుల లైనుతో పోల్చిన కరెంటు 26వ వంతునకు దిగును. అయినను కంబము దాటిన తీగెను కొనువాడు రైతే. తీగె అడ్డుకోత రెట్టింపైన నిరోధము సగమగును. దుకాణములో ధరతో పాటు దీనిని గూడ అడుగవలెను. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులును నిరోధమును పెంచును. వానిని సరఫరా నిలిపిన పిదపనే విప్పి చూడవలెను.