మత్తు దిగినవేళ
(రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగము)



నేను పండితుడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, రాత్రులు ఈ గ్రంథాలయపు దీపము క్రింద రామాయణ భారతములు చదువుకొన్నవాడను. ఉత్సవదినమున శుభవాక్యములే పలుకవలెనందురు. కాని ఈ బల్లలయొద్ద కూర్చుండి చదువవలసిన వయస్సు పిల్లలను గూర్చి ఒక మాట చెప్పనిదే నా మనస్సు ఊరుకొనదు.

మత్తు పదార్థములు ముఖ్యముగా రెండు తెఱగులు. మెథాంఫెటమిన్, కొకైన్ వంటివి ఉత్తేజము కలిగించును. నిద్ర, ఆకలి తోచవు. లేని బలము వచ్చినట్లుండును. అది దిగిపోయినంతనే బడలిక, దుఃఖము, అందరిపై అనుమానము, బ్రతుకుపై విసుగు కమ్ముకొనును. రెండవ తెఱగు మనకు మిక్కిలి దగ్గఱిది. కల్తీ కల్లులో కలుపు అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ మనిషిని జోకొట్టు మందులు. గీత వృత్తిని నమ్ముకొన్నవారిని నేను నిందించుట లేదు. చెట్టునుండి దించిన కల్లు వేఱు, మందు కలిసిన కల్లు వేఱు. అల్ప్రాజోలమునకు అలవాటుపడిన దేహము, అది ఒక్కసారిగ అందనిచో, వణకును, నిద్ర పట్టదు, మూర్ఛలు రావచ్చును, లేనివి కనబడవచ్చును.

2015వ సంవత్సరమున ప్రభుత్వము కల్తీ కల్లును అరికట్టినప్పుడు, మన నిజామాబాదు జిల్లాలోను, తెలంగాణమందలి ఇతర జిల్లాలలోను అనేకులు ఈ బాధలతోనే ఆసుపత్రులకు వచ్చిరి. 2025 ఏప్రిలులో పొరుగున నున్న కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు త్రాగి పదులకొలది జనము ఆసుపత్రి పాలైరి.

ఎగురవేయు మత్తైనను, జోకొట్టు మత్తైనను, త్రాగినవేళ నున్న అపాయము మనకు తెలియును. దిగినవేళ నున్న అపాయము తెలియదు. అప్పుడే కొందఱు యువకులకు చావు తలంపు పుట్టును. మనమో, "మానినాడు, గండము గడచినది" అని నిశ్చింతగ నుందుము.

నేనును అట్లే యుంటిని. నా మేనల్లుడు ఇరువది రెండేండ్లవాడు, ఒకనాడు కల్లు మానితినని చెప్పెను. ఇల్లెల్ల సంతోషించితిమి. మూడవ రాత్రికి వానికి కన్ను మూతపడలేదు, చేతులు వణకుచుండెను. నేను ఎదుట కూర్చుండి నీతులు చెప్పితిని. వాడు తల వంచుకొని, "నేను లేకుంటేనే మీకు మంచిగుంటది మామా" అనెను. మొండిమాట యని కసరితిని. మూల కూర్చున్న మా అమ్మ లేచి వచ్చి, వాని చేయి పట్టుకొని, "సావాలనిపిస్తున్నదా బిడ్డా?" అని నెమ్మదిగా అడిగెను. వాడు భోరున ఏడ్చెను. ఆమె తెల్లవారువరకు వాని చేయి వదలలేదు. ఉదయమున వైద్యునికడకు గొనిపోతిమి. వాడు నేడు బ్రతికి పని చేసికొనుచున్నాడు. చదువుకొన్న నాకు వినబడని మాట, అక్షరము రాని మా అమ్మకు వినబడెను.

పిమ్మట నేను సుందరకాండము మఱల చదివితిని. సీత కనబడనప్పుడు హనుమంతునంతటివాడును ప్రాణము విడువ దలంచి, బ్రతికియున్న మేలు కలుగునని తనకు తాను చెప్పుకొని నిలిచెను. అశోకవనమున సీత నిరాశలో మునిగియుండగా, అతడు చెట్టుపైనుండి ఒక్కసారిగ దుమికి ఆమెను బెదరింపలేదు, నీతులు చెప్పలేదు. ఆమెకు తెలిసిన భాషలో, ఆమెకు ప్రియమైనవారి కథను మెల్లగా వినిపించెను. నిరాశలో నున్నవారితో ఎట్లు మాటాడవలెనో అందున్నది.

కావున నా మనవి యిది. అలవాటు మానుచున్నవానిని ఒంటరిగా విడువకుడు. చావు తలంపు కలుగుచున్నదా యని సూటిగా, దయతో అడుగుడు. అడిగినందున లేని తలంపు పుట్టదు. ఉన్న బరువు తగ్గును. పొలపు మందులు, ఇంటిలోని మాత్రలు వానికి అందకుండ తాళములో నుంచుడు. అల్ప్రాజోలమును వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గింపవలెను. ఇంటిలో కట్టివేసి మాన్పింపరాదు. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి గొనిపోవుడు. 2022లో మొదలైన టెలి మానస్ వారి 14416 సంఖ్యకు రాత్రింబవళ్ళు ఖర్చులేక ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడుదురు. పోలీసులకు వెఱవకుడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొన యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నాడనియే తలంచి, అతనిని శిక్షింపరాదనుచున్నది.

నా లెక్కల పుస్తకమున తప్పు పడిన మఱునాడు దిద్దుకొందును. పోయిన ప్రాణమునకు మఱునాడు లేదు. ఈ గ్రంథాలయపు తలుపు పుస్తకము కొఱకు వచ్చినవానికే గాక, ఇంటిలో మాట తోచక వచ్చి ఊరక కూర్చున్న పిల్లవానికిని తెఱచియుండవలెను. వానిని చూచి, "ఏమి నాయనా?" యని అడుగువా డొకడు ఇచ్చట ఎల్లప్పుడు నుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.