మనసు జబ్బుకు ఆరోగ్యశ్రీ కార్డు పనిచేస్తుందా?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ప్రతిసారీ చదువుల గురించి మాట్లాడమంటారు. పుస్తకాలు, ఫీజులు, స్కాలర్‌షిప్పులు, నాకు తెలిసింది అదే. ఈసారి మాత్రం వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి. మన సొసైటీ డయాలసిస్‌కు, గుండె ఆపరేషన్లకు, కంటి శుక్లాలకు సాయం చేస్తూనే ఉంది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఒక రకం జబ్బు మన దరఖాస్తు ఫారంలోనే లేదు. మనసుకు వచ్చే జబ్బు. ఆ ఇంటివాళ్లు మన ఆఫీసు మెట్లెక్కరు. ఎక్కినా బిడ్డకు కడుపునొప్పి అని రాయిస్తారు.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఊరు చెప్పను, భద్రాచలం అవతల అడవి అంచు మండలం అనుకోండి. లెక్కల్లో చురుకు. ఇంటర్ రెండో ఏట నిద్రపోవడం మానేశాడు, గోడలు తన గురించి మాట్లాడుకుంటున్నాయన్నాడు. తావీజులు కట్టారు, మూడు దర్గాలు తిప్పారు, ఒక మేకను కోశారు. తర్వాత పెద్ద పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్తే అక్కడ మందులు రాసి, వారం వారం కౌన్సెలింగుకు రమ్మన్నారట. ఒక్కో సిట్టింగ్‌కు ఎంతో విన్నాక వాళ్ల అమ్మ నాకు ఫోన్ చేసింది. "సార్, ఆరోగ్యశ్రీ కార్డు తీసుకుని మావాడితో మాట్లాడే మేడమ్ ఎక్కడైనా ఉంటుందా?" అంది.

ఈ ప్రశ్న చాలామందిది. అందుకే జవాబు కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ఆ "మాట్లాడే మేడమ్" ఎవరో చూద్దాం. మందు రాసేది సైకియాట్రిస్ట్, అంటే డాక్టరు. పరీక్షలు పెట్టి, మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్ట్. మూడో మనిషి సైకియాట్రిక్ సోషల్ వర్కర్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ ముగ్గురినీ వేర్వేరుగా నిర్వచించింది. సోషల్ వర్కులో పీజీ చేసి, ఆపైన రెండేళ్ల ఎంఫిల్ శిక్షణ పొందినవాళ్లే ఆ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు. రోగితో మాట్లాడటమే కాదు, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఇది దెయ్యం కాదు, జబ్బు అని చెప్పడం, మందు మానేయకుండా చూడటం, కాలేజీలోనో పనిలోనో మళ్లీ చేర్పించడం, సర్టిఫికెట్లకు దారి చూపడం వీళ్ల పని. నన్నడిగితే మన ఇళ్లకు ముందుగా కావలసింది ఈ మూడో మనిషే. డాక్టరు పది నిమిషాలు చూస్తాడు. మిగతా నెలంతా ఆ ఇల్లే గదా ఆసుపత్రి.

ఇక కార్డు సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆయుష్మాన్ భారత్ 2018లో వచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. రెండూ పెద్ద సాయాలే. కానీ ప్రధానంగా మంచం ఎక్కి చేరే చికిత్సకు, ఆపరేషన్లకు పుట్టిన పథకాలివి. ఆయుష్మాన్ అయితే ఓపీని కవర్ చేయనే చేయదు. నెలకోసారి వెళ్లి గంటసేపు మాట్లాడి వచ్చే వైద్యం ఆ లెక్కలో ఎక్కడ పడుతుంది? అమెరికాలో ఉన్న మన పిల్లలు, అక్కడ క్లినికల్ సోషల్ వర్కరు సొంత ఆఫీసు పెట్టుకుని మెడికేర్ బీమా తీసుకోవచ్చని చెబుతారు. ఇక్కడ కార్డు పట్టుకుని అలాంటి ప్రైవేటు ఆఫీసు వెతకడం వృథా.

అయితే దారి లేదా అంటే, ఉంది. సర్కారు దవాఖానా ఓపీలో ఆ సేవకు డబ్బు అడగరు, ఓపీ చీటీకి ఆరోగ్యశ్రీ కార్డు కూడా అక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఒకటుంది, దేశంలో 1996 నుంచి నడుస్తోంది. సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు ఉండే బృందం అందులో భాగం. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ఒకప్పటిలా ప్రతిదానికీ ఎర్రగడ్డ పరుగెత్తనక్కర్లేదు. బయల్దేరే ముందు మాత్రం ఒక ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. మానసిక ఓపీ ఏ రోజు? సోషల్ వర్కర్ పోస్టులో మనిషి ఉన్నారా? ఆ రోజు వస్తారా? పోస్టు ఉండటం వేరు, మనిషి ఉండటం వేరు. మా బడిలో సైన్సు టీచరు పోస్టు సంగతి ఈ సభలో చాలామందికి తెలుసు.

మనిషి లేకపోతే ఊరుకోనక్కర్లేదు. అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం, జిల్లాలో కనీస సేవలు లేకపోతే, ఆ జిల్లాలోనే మరోచోట తీసుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించాలి. అత్యవసర మందుల జాబితాలోని మానసిక మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఉచితంగా ఇవ్వాలి. ఇవి అడిగి తీసుకోవలసిన హక్కులు, కాగితం మీద రాసి అడగాలి. ఆ కాగితం రాసిపెట్టే పని మనలాంటి సొసైటీ చేయగలదు. ఈ వేదిక మీదే ముగ్గురు వకీళ్లున్నారు.

ఇక్కడున్నవాళ్లకు ఇంకో రెండు మాటలు. గ్రానైటు యూనిట్లు నడిపే మన సోదరులారా, మీ కార్మికులకు ఈఎస్ఐ కట్టండి. ఈఎస్ఐలో ఓపీ ఉంది. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది, అర్హత ఉంటే రెండేళ్ల వరకూ జీతంలో 80 శాతం వస్తుంది. కూలి మానేసి మంచాన పడ్డ ఇంటికి అది చిన్న మాట కాదు. సొంత పాలసీలున్నవాళ్లు 21వ సెక్షన్ చదువుకోండి. ఒంటి జబ్బుకు ఎలాగో మనసు జబ్బుకూ అలాగే బీమా ఇవ్వాలని ఉంది. ఇక ఆటిజం, బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది, లక్ష రూపాయల వరకు. అందులో ఓపీ, థెరపీలు కూడా ఉన్నాయి. ఇంత మంచి పథకం పేరు మన మొహల్లాల్లో ఎంతమంది విన్నారో చేతులెత్తమంటే నాకే సిగ్గేస్తుంది.

భద్రాచలం వైపు ఇంకో చిక్కు ఉంది. 2014లో పోలవరం కోసం ఎటపాక, కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పట్టణం దాటితే రాష్ట్రం మారుతుంది. రాష్ట్రం కార్డు మారుతుంది, పథకం పేరు మారుతుంది, బస్సు టికెట్టూ మారుతుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు లేదు. ఎటపాక తల్లికి ఆ సౌకర్యం వర్తించదు. ఇటువైపు తల్లికి కూడా, తనకు టికెట్టు లేకపోయినా పక్కన కూర్చున్న పాతికేళ్ల కొడుకుకు ఉంటుంది. ఖమ్మం వంద కిలోమీటర్ల పైమాటే. చార్జీ, మధ్యాహ్నం భోజనం, పోయిన రోజు కూలి కలిపితే ఉచిత వైద్యం ఉచితం కాదు. నేను చూసినంతలో మందు ఆగిపోయేది మందు ధర వల్ల కాదు, మూడో నెల బస్సు ఖర్చు వల్ల.

దర్గాల గురించి అడుగుతారని తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకని తీసుకొచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడం 95వ సెక్షన్ కింద నిషేధం. అదే దేశంలో గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 'దవా ఔర్ దువా' పేరుతో దర్గా ఆవరణలోనే డాక్టర్లను కూర్చోబెట్టారు. ముజావర్లే రోగిని డాక్టరు దగ్గరకు పంపుతారు. దువా ఆపమని నేను అనడం లేదు, దవా ఆపకండి అంటున్నాను. మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1284లో కైరోలో సుల్తాను ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మతి చెదిరినవాళ్లకు వేరే విభాగం ఉండేది, ఖర్చంతా వక్ఫ్ ఆస్తి మీద నడిచేది.

అందుకని ఈ ఏడాది నేను కోరేది చిన్నది. కొత్త భవనం వద్దు, అంబులెన్సు వద్దు. సోషల్ వర్కు చదివిన ఒక అమ్మాయిని నెల జీతం మీద పెట్టుకుందాం. ఆమె డాక్టరు కాదు, చికిత్స చేయదు. ఓపీ రోజు బస్టాండులో రోగి ఇంటివాళ్లను కలుసుకుని, చీటీ తీయించి, డాక్టరు చెప్పింది ఉర్దూలోనో తెలుగులోనో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, తర్వాతి తేదీ రాసుకుని, ఆ తేదీకి రెండు రోజుల ముందు ఫోన్ చేస్తుంది. కోయ గూడేల నుంచి వచ్చేవాళ్లకూ చేస్తుంది, మతం అడగదు. దానితోపాటు రోగికి, తోడు వచ్చినవాళ్లకు చార్జీ, భోజనం. చార్జీలు పేదవాడి చేతికే ఇస్తాం కాబట్టి జకాతు నుంచి, జీతం లిల్లాహ్ నిధి నుంచి అని నా ఆలోచన. ఆ మసలా తేల్చవలసింది ఆలిములు, నేను కాదు.

ఆ అబ్బాయి సంగతి అడిగారు కొందరు. మందు పడుతోంది, నిద్రపోతున్నాడు. చదువు ఇంకా మొదలుపెట్టలేదు. రెండుసార్లు ఓపీ తప్పాడు, రెండుసార్లూ మిరప కోతల రోజులే.

రాత్రిపూట ఎవరైనా బతకాలని లేదంటే ఆగకండి, 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్, 2022 నుంచి ఉంది, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఈ నంబరు సంచిక వెనక అట్ట మీద పెద్దక్షరాల్లో వేయమని సంపాదకులను అడిగాను.

జొహర్ నమాజు తర్వాత ఆఫీసు గదిలో రిజిస్టరు తెరిచి ఉంటుంది. ఒక్కో పేజీ ఒక్కో రోగికి ఏడాది చార్జీలు. పేరు రాయడం ఇష్టం లేనివాళ్లు పేజీ నంబరు చెబితే చాలు.