నర్సుకు రిలీవర్ ఎవరు?
(హిజ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్ చదివి ఫౌజులో చేరి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. డాక్టరును కాను. కళ్ళారా చూసిందే చెప్తాను.

సర్వీసులో కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఒక రాత్రి నీళ్ళు ఆలస్యమయ్యాయని సిస్టర్‌ను కసిరాను. వార్డంతటికీ ఆమె ఒక్కతే. ఏమీ అనకుండా నీళ్ళిచ్చి, పక్క మంచం దగ్గరకు వెళ్ళింది.

తర్వాత మా అమ్మాయే నర్సయింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం. ఓ ఉదయం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడింది. రిలీవర్ రాలేదని వరుసగా రెండు షిఫ్టులు చేయించారట. పైగా రోగి బంధువులు నోటికొచ్చినట్టు తిట్టారట. "నిద్ర పట్టడం లేదు నాన్నా, డ్యూటీ టైమైతే గుండె దడ" అంది. "ఫౌజీ కూతురివి, ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాను. అది నా పొరపాటు. ఆమెకు కరువైంది ధైర్యం కాదు, విశ్రాంతి.

మన గార్డు డ్యూటీలో రెండు గంటలు నిలబడితే నాలుగు గంటలు రెస్టు. రిలీఫ్ రాకపోతే సెంట్రీని కాదు, గార్డు కమాండరునే అడుగుతారు. మన ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బండి దిగిన డ్రైవరుకు రన్నింగ్ రూమ్ ఎందుకో ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. మరి ఇంజక్షన్ మోతాదు చూసే కళ్ళకు నిద్ర అక్కర్లేదా?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం సాధారణ ఆస్పత్రిలో ఐదు పడకలకు ఒక నర్సు ఉండాలి, సెలవుల కోసం మరో 30 శాతం అదనం. ఆ అదనమే రిలీఫ్. అది లేనిచోట ఉన్నవాళ్ళే నలిగిపోతారు. 2024లో కలకత్తా ఘోరం తర్వాత సుప్రీంకోర్టు వేసిన టాస్క్‌ఫోర్సు పరిశీలించాల్సిన వాటిలో నర్సుల భద్రత, విశ్రాంతి గదులు కూడా ఉన్నాయి.

1888 మార్చి 28న పదిమంది నర్సులు బొంబాయిలో దిగడంతో మన మిలిటరీ నర్సింగ్ మొదలైంది. యూనిఫాంలో ఉన్న సిస్టర్‌కు మనం సెల్యూట్ చేశాం. సివిల్ సిస్టర్‌కు కనీసం మర్యాద ఇవ్వలేమా?

మనలో చాలామంది రిటైరయ్యాక ఆస్పత్రుల్లో సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నారు. వారికి నా మనవి ఒక్కటే. రాత్రి వార్డులో కేకలు వినబడితే గేటు దగ్గరే ఉండిపోకండి, వెళ్ళి ఆ అమ్మాయి పక్కన నిలబడండి. ఇంట్లో నర్సు ఉంటే నాలాగా ధైర్యం బోధించకండి. ముందు కాస్త అన్నం పెట్టి, పడుకోనివ్వండి. తర్వాత ఆమె చెప్పేది వినండి.

జై హింద్.