కనపడని శత్రువుకు లేజర్ కాపలా



నేను ఇంటర్ చదివి ఆర్టిలరీలో చేరి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. సైన్సు పాఠం చెప్పేంత చదువు నాకు లేదు. అయినా ఓ.పి.లో కూర్చుని లేజర్ రేంజ్ ఫైండర్ వాడినవాణ్ణి కాబట్టి ఈ సంగతి తొందరగానే బుర్రకెక్కింది.

2023 ఎండాకాలంలో అగ్నివీర్ భర్తీకి మా ఊరి పిల్లల్ని మధ్యాహ్నం మూడింటికి పరిగెత్తించాను. ఒక అబ్బాయి ఛాతీ పట్టేసిందని కూర్చుండిపోయాడు. "బద్ధకం రా నీకు" అని తిట్టాను. ఆకాశం నిర్మలంగా ఉంది, పొగ లేదు. తర్వాత ఓజోన్ గురించి చదివి సిగ్గుపడ్డాను. ఆ రోజు ఓజోనే కారణమని అనను, ఎండదెబ్బ కూడా కావచ్చు. తిట్టింది మాత్రం తప్పే.

ఎంతో ఎత్తున ఉన్న ఓజోన్ మనకు గొడుగు. నేల దగ్గరిది ఊపిరితిత్తులకు శత్రువు. ఇది ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు ఎండలో కలిసి పుడుతుంది. అందుకే మధ్యాహ్నం జోరు. రాత్రి నేల దగ్గర తగ్గినా, పైన కొన్ని వందల మీటర్ల ఎత్తులో మకాం వేసి, పొద్దెక్కాక కిందికి దిగుతుంది. నేల మీది యంత్రానికి అది దిగేదాకా కనపడదు. ఎత్తు మీదున్న శత్రువంటే మనకు తెలియనిదా!

అక్కడే లేజర్ పనికొస్తుంది. పంపిన కాంతి సెకనులో లక్షో వంతులో తిరిగొస్తే టార్గెట్ 1500 మీటర్లలో ఉన్నట్టు. ఇక్కడ టార్గెట్ గాలి అణువులు, దుమ్ము రేణువులు. అల్ట్రావయొలెట్‌లో రెండు కిరణాలు పంపుతారు, ఉదాహరణకు 289, 299 నానోమీటర్లవి. మొదటిదాన్ని ఓజోన్ ఎక్కువ మింగుతుంది, రెండోదాన్ని తక్కువ. ఈ రెండింటి తేడా ఏ ఎత్తులో ఎంత పెరిగిందో చూస్తే, అక్కడ ఓజోన్ ఎంతుందో తేలుతుంది. దీన్ని లైడార్ అంటారు. అమెరికాలో టోల్‌నెట్ పేరుతో ఇలాంటి లైడార్లు పనిచేస్తున్నాయి, కొన్నిటిని బండి మీదే తిప్పుతారు.

మన తిరుపతి దగ్గర గాదంకిలో 1998లోనే లైడార్ పెట్టారు. దాంతో గాలిలోని ధూళిని, పైమేఘాలను, ఉష్ణోగ్రతను చూశారు. అంటే ఈ విద్య మనకు కొత్త కాదు.

మన దేశం 2009లో ఓజోన్‌కు 8 గంటల సగటున ఘనమీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. హద్దు ఉన్నచోట కాపలా కూడా ఉండాలి కదా!

ఇప్పుడు మా పిల్లలు తెల్లవారుజామున పరిగెడుతున్నారు. మీరూ ఎండాకాలం మధ్యాహ్నం పిల్లల్ని పరిగెత్తించకండి. ఎవరైనా ఊపిరాడటం లేదంటే ముందు నమ్మండి.

జై హింద్.