బడి ఢిల్లీదా, రాష్ట్రానిదా?
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్య కేంద్రం చేతిలో ఉండాలా, రాష్ట్రం చేతిలో ఉండాలా అనే విషయమై మాట్లాడమన్నారు. ఇది వకీళ్ళు తేల్చుకోవలసిన సంగతి, మనకెందుకని కొందరు అనుకోవచ్చు. అయితే పైన అధికారం మారితే ఏమవుతుందో మన ప్రాంతానికి తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా విడిచి మన రాష్ట్రంలో చేరాయి. హద్దు మారింది గాని ఇళ్ళలో మాట మారలేదు. నేటికీ ఈ వైపున కన్నడ బడులున్నాయి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించాలని 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. అవసరమైతే రాష్ట్రపతి రాష్ట్రాలను ఆదేశించవచ్చు. గనుక ఢిల్లీ చేయి అన్నివేళలా చెడ్డది కాదు.

1950 రాజ్యాంగంలో విద్య రాష్ట్రాల జాబితాలో ఉండేది. అత్యవసర పరిస్థితి కాలంలో, ప్రతిపక్ష నాయకులెందరో జైళ్ళలో ఉండగా, 1976లో 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలో చేర్చింది. ఇంత పెద్ద మార్పు అలా జరగడం నాకు నచ్చదు. ఉమ్మడి బావిలో నీళ్ళు అందరూ తోడుకుంటారు, పూడిక తీయడానికి మాత్రం ఒకరి ముఖం ఒకరు చూస్తారు.

అలాగని రాష్ట్రం చేసిందంతా మంచిదనీ కాదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడులలో ఇంగ్లీషు మీడియం అన్నది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టివేసింది. అదే సంవత్సరం జాతీయ విద్యా విధానం, వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా మాతృభాష అన్నది. 2021లో ఎయిడెడ్ బడుల సిబ్బందిని విలీనం చేయబోయి, అలజడి రేగాక, బలవంతం లేదన్నారు. అప్పుడు మైనారిటీ విద్యాసంస్థలకు ధైర్యమిచ్చింది రాజ్యాంగంలోని 30వ అధికరణమే.

ఇక అసలు సంగతికి వస్తాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుండి ప్రతి ఏటా సుగ్గికి పోతారు. గుంటూరు మిరపతోటలకు లారీ ఎక్కేటప్పుడు పిల్లలనూ ఎక్కిస్తారు. అటువంటి పిల్లల కోసం ఊరిలోనే సీజనల్ హాస్టళ్ళు నడపడానికి సమగ్ర శిక్ష పథకంలో వీలున్నది. దానికి నూటికి 60 కేంద్రం, 40 రాష్ట్రం. ఇద్దరిలో ఎవరి వాటా ఆలస్యమైనా రెండవవారిని చూపించవచ్చు. మిరపకాయ ఆ ఫైలు కోసం ఆగదు. తమిళనాడు పి.ఎం.శ్రీ పథకంలో చేరనన్నందుకు 2024లో ఈ సమగ్ర శిక్ష సొమ్మునే కేంద్రం నిలిపింది. దేశపు సొమ్మును పేచీకి పగ్గంగా వాడరాదు.

నా మట్టుకు నేను ఇలా అంటాను: సొమ్ము కేంద్రం షరతు లేకుండా, వేళకు ఇవ్వాలి. పాఠం, పంతులు, బడి వేళలు రాష్ట్రం చూడాలి. సుగ్గి ఎప్పుడో ఢిల్లీకేమి తెలుసు? ఆ మాటకొస్తే అమరావతికీ తెలియదు, మనం చెబితే తప్ప.

2010 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. వారే సుగ్గిలో ఉంటే కమిటీలో అడిగేదెవరు? గనుక ఒక మనవి. పత్తి తీతలు మొదలు కాకముందే, ఏ ఇంటి నుండి ఎందరు పిల్లలు పోబోతున్నారో ప్రతి ఊరిలో మన యువజనులు జాబితా వ్రాయాలి. ఏ మతంవారని చూడకుండా వ్రాయాలి. ఒక ప్రతి మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. రెండవ ప్రతి మన దగ్గర ఉంచుదాం.