గ్లాసులో నీళ్లు: కెప్టెన్ పని గురించి కొన్ని మాటలు

(బిట్రగుంటలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా పెట్టుకున్నామో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఈ ఊళ్లో లేరు. మనందరికీ ఆయన డ్రైవరు గారు. నేనూ అట్లాగే పిలుస్తాను. బొగ్గు ఇంజన్ల రోజుల్లో గూడ్సు బండ్లు నడిపారు. మా షెడ్డు క్రికెట్ జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నారు. ఆయన వదిలేశాక ఆ పని నా మీద పడింది. ఆయన దగ్గర ఫైర్‌మన్‌గా చేశాను, ఆయన జట్టులో స్లిప్‌లో నిలబడ్డాను. కాబట్టి నాకు తెలిసిన కెప్టెన్సీ సగం ఇంజన్ మీద నేర్చుకున్నదే.

నన్ను ఒత్తిడి గురించి చెప్పమన్నారు. అయితే ముందు ఇంజన్ ఎక్కాలి.

డబ్ల్యు.జి. ఇంజన్ బాయిలర్‌లో ఆవిరి చదరపు అంగుళానికి 210 పౌన్ల దాకా ఉండేది. గడియారం లాంటి గేజి, దాని మీద ఒక ముల్లు. దగ్గర్లోనే నిలువుగా ఒక గాజు గొట్టం, బాయిలర్‌లో నీళ్లు ఎంత మట్టాన ఉన్నాయో చూపించేది. దాన్ని మేం గ్లాసు అనేవాళ్లం. కొత్తగా వచ్చిన ఫైర్‌మన్ కళ్లు ఎప్పుడూ ముల్లు మీదే ఉంటాయి. టెండర్‌లోంచి బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించాలంటే ఇంజెక్టర్ తెరవాలి. చల్లటి నీళ్లు లోపల పడగానే ముల్లు దిగడం మొదలుపెడుతుంది. ముల్లు దిగితే మాట పడాల్సి వస్తుందని వాడి భయం. అందుకని ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అని ఇంజెక్టర్ జోలికి పోడు. ముల్లు మాత్రం నిటారుగా నిలబడి ఉంటుంది. లోపల నీళ్లు దిగిపోతుంటాయి. నిప్పు గది పైకప్పు రేకు నీళ్లలోంచి బయటపడిందంటే ఇక ఆ రేకు ఎర్రగా కాలుతుంది. అక్కడ బిగించిన సీసపు ప్లగ్గు కరిగి ఆవిరి నిప్పు మీదికి ఉరుకుతుంది. అదీ పనిచేయకపోతే బాయిలర్ పేలుతుంది.

నేను చేరిన కొత్తలో ఒక రాత్రి బండి తలమంచి దాటింది. పార పట్టుకుని బొగ్గు వేస్తున్నాను. ముల్లు ఎర్రగీత దగ్గర ఉంది, నాకు లోలోపల గర్వంగా ఉంది. డ్రైవరు గారు చేత్తో నా తల పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పారు. గ్లాసులో నీళ్లు అడుగున కదులుతున్నాయి. "ముల్లు ఎప్పుడైనా ఎక్కుద్ది అబ్బయ్యా. నీళ్లు చూడు" అన్నారు. ఇంజెక్టర్ ఆయనే తెరిచారు. ముల్లు పది పౌన్లు పడిపోయింది. ఆ పది పౌన్లూ మళ్లీ లేపడానికి నా రెక్కలు విరిగినంత పనైంది. ఆయన ఇంకొక్క మాట కూడా అనలేదు.

క్రికెట్లో ముల్లు ఎక్కడుందో మీకు తెలుసు. స్కోరుబోర్డు మీద ఉంది, ఊరందరికీ కనిపిస్తుంది. గ్లాసు మాత్రం కెప్టెన్ ఒక్కడికే కనిపించాలి. పదిమందిలో ఎవరిలో ఎంత మిగిలిందో, ఎవడు బాగున్నానని అబద్ధం చెబుతున్నాడో అక్కడ తెలుస్తుంది.

తెలుగువాళ్లం కెప్టెన్ అనగానే తలుచుకోవాల్సిన మొదటి మనిషి కొఠారి కనకయ్య నాయుడు. 1895లో నాగపూర్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టాడు. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 153 పరుగులు కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. భారతదేశం మొదటి టెస్టు ఆడింది 1932 జూన్ 25న, లార్డ్స్‌లో. ఆ జట్టుకు పేరుకు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబీకుడు. వైస్ కెప్టెన్‌కు దెబ్బ తగిలింది. మహారాజా తన ఆట ఏపాటిదో తెలిసిన మనిషి, తానే పక్కకు తప్పుకున్నాడు. అట్లా ఆ బరువు నాయుడి భుజాన పడింది. అతని కింద ఆడం అని జట్టులోనే కొందరు మొండికేశారు. చివరికి నచ్చజెప్పి, ఒత్తిడి తెచ్చి దింపాల్సి వచ్చింది.

ఆ పొద్దున ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి. మొదటి టెస్టు, పరాయి గడ్డ, వెనకనున్న వాళ్లలోనే మనసులు విరిగిన వాళ్లు. ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండ్ 19 పరుగులకు 3 వికెట్లు. సట్‌క్లిఫ్‌నూ హోమ్స్‌నూ మన నిసార్ బౌల్డ్ చేశాడు. వూలీ రనౌట్ అయ్యాడు. ముందురోజు మొండికేసిన జట్టు ఇది! ఒకసారి బంతి పరిగెత్తడం మొదలుపెట్టాక పదకొండు మందీ దాని వెంటే పరిగెత్తారు. తర్వాత ఇంగ్లండ్ వైపు జార్డీన్ నిలబడ్డాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 79, రెండో దాంట్లో 85 నాటౌట్. ఫీల్డింగ్‌లో నాయుడి చేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కు వచ్చి 40 కొట్టాడు, మన మొదటి ఇన్నింగ్స్‌లో అదే పెద్ద స్కోరు. 158 పరుగులతో ఓడిపోయాం. ఆ ఓటమిని నేను చిన్నది చేసి చెప్పను. కానీ చేతి దెబ్బను చూపించి కూర్చునే వీలున్న మనిషి కూర్చోలేదు. తన కింద ఆడనన్నవాళ్ల ముందు అది చేశాడు. ఆ తర్వాత వాళ్లు ఏమనుకున్నారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

నాలుగేళ్లకు, 1936లో, ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకు కెప్టెన్ విజ్జీ. విజయనగరం రాజకుటుంబం మనిషి, మన తెలుగు నేల పేరే ఆయన పేరులో ఉంది. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి 33 పరుగులు చేశాడు. పర్యటన మధ్యలో లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరు చెప్పి ఇంటికి పంపేశారు. జట్టు చీలికలు పేలికలైంది. సిరీస్ 2-0తో పోయింది. ఆ జట్టులో నాయుడు మామూలు ఆటగాడు. ఓవల్‌లో తన చివరి టెస్టు చివరి ఇన్నింగ్స్‌లో, గబ్బీ ఆలెన్ బంతి ఒంటికి తగిలాక కూడా నిలబడి 81 పరుగులు చేశాడు. విజ్జీ గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తర్వాతి కాలంలో బోర్డు అధ్యక్షుడిగా చేశాడు, ఆంధ్రలో క్రికెట్ వేళ్లూనడానికి పాటుపడ్డాడు. కట్టగలిగిన మనిషే. పదకొండు మందిని మైదానంలో నడపడం మాత్రం ఆయన పని కాదు. పోర్‌బందర్ మహారాజాకు తెలిసిన సంగతి ఆయనకు తెలియకపోయింది.

1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగినప్పుడు దానికీ నాయుడే కెప్టెన్. అప్పటికి అతని వయసు 58. అంతకు ముందు హోల్కర్ జట్టును నాలుగుసార్లు రంజీ గెలిపించాడు. ఒక ఫైనల్లో, 56వ ఏట, ఫడ్కర్ బంతి తగిలి పళ్లు రాలితే క్రీజు వదలకుండా ఆడాడని చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడల్లా నా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అయినా ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాయుడంటే నాకు ప్రాణం కాబట్టే చెప్పాలి. 1944-45 రంజీ ఫైనల్. బొంబాయితో హోల్కర్. నాయుడి తమ్ముడు సి.ఎస్. నాయుడు లెగ్ స్పిన్నర్. ఆ ఒక్క మ్యాచ్‌లో అతను 917 బంతులు వేశాడు. 152 ఓవర్ల 5 బంతులు. 11 వికెట్లు తీశాడు, 428 పరుగులు ఇచ్చాడు. మ్యాచ్ బొంబాయి గెలిచింది. ఒక మ్యాచ్‌లో అన్ని బంతులు మరెవరూ వేయలేదు. తమ్ముడు బంతి తిరిగి ఇవ్వలేదు, అన్న అతని చేతిలోంచి తీసుకోలేదు. తనకు నొప్పి తెలియని మనిషికి ఎదుటివాడి నొప్పి కూడా కనపడదేమో అని నాకు అనుమానం. పళ్లు రాలినా ఆడగలిగినవాడు, తమ్ముడి భుజం అరుగుతుంటే చూడలేకపోయాడు. ముల్లు కోసం గ్లాసు మరిచిపోవడం ఎంత గొప్పవాడికైనా తప్పదు.

ఇప్పుడు మన రోజులకు వస్తాను. మిథాలీ రాజ్ సికిందరాబాద్‌లో ఆట నేర్చుకున్న అమ్మాయి, మన రైల్వేలో ఉద్యోగం చేసి, రైల్వే జట్టుకు కెప్టెన్‌గా ఉండేది. అమ్మాయిల క్రికెట్ 2006లో బోర్డు కిందికి రాకముందు వాళ్లు జనరల్ పెట్టెల్లో కిట్ బ్యాగుల మీద కూర్చుని ప్రయాణాలు చేశారు. వాళ్లలో ఎందరికో అన్నం పెట్టింది రైల్వే ఉద్యోగమే. ఈ సభలో ఆ మాట నేను గర్వంగానే చెబుతాను.

2017 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని, తన వంతు కోసం ఎదురుచూస్తూ ఆమె పుస్తకం చదువుకుంటున్న ఫోటో మీరు చూసే ఉంటారు. తర్వాత వెళ్లి 71 కొట్టింది, వరసగా ఏడో అర్ధశతకం. చాలామంది ఆ ఫోటో చూసి ఎంత నిబ్బరం అన్నారు. నాకు ఇంకోటి తోచింది. అక్కడ భయపడుతున్న పిల్లలు ఉంటారు. వాళ్లు తిరిగి చూస్తే కెప్టెన్ పేజీ తిప్పుతోంది.

ఆ ఏడు జులై 23న లార్డ్స్‌లో ఫైనల్. గెలవడానికి 229 కావాలి. మిథాలీ 17 పరుగుల దగ్గర రనౌట్ అయింది. పూనమ్ రౌత్, హర్మన్‌ప్రీత్ నిలబెట్టారు. 3 వికెట్లకు 191. చేతిలో 7 వికెట్లు, కావాల్సింది 38. నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. అక్కడి నుంచి 28 పరుగులకు ఏడు వికెట్లూ పోయాయి. ఇంగ్లండ్ బౌలర్ ష్రబ్‌సోల్ ఒక్కతే 46 పరుగులకు 6 తీసింది. 9 పరుగులతో ఓడిపోయాం.

ఔటైన కెప్టెన్ పరిస్థితి బయటివాళ్లకు అర్థం కాదు. ఇంజెక్టర్ మీద చెయ్యి ఉండదు, బొగ్గు పార చేతిలో ఉండదు, బండి మాత్రం నీదే. వెళ్లేవాళ్ల మొహాలు చూస్తావు, వచ్చేవాళ్ల మొహాలు చూస్తావు. ఆ గంటలో ఏమీ చేయలేవు. ఏం చేసినా అంతకుముందు ఏళ్లలో చేసి ఉండాలి.

ఆ ఏళ్లలో పోసిన నీళ్లు ఎటు పోయాయో ఎనిమిదేళ్ల తర్వాత తెలిసింది. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచారు. కెప్టెన్, 2017 ఫైనల్లో 51 కొట్టిన హర్మన్‌ప్రీత్. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. కప్పును తీసుకెళ్లి పాత తరం ఆటగాళ్లు మిథాలీ, ఝులన్, అంజుమ్ చేతుల్లో పెట్టారు. మా ఇంట్లో ఎవరి కళ్లూ పొడిగా లేవు.

అయితే ఆ కప్పులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది మైదానం బయటి సంగతి. సెమీ ఫైనల్లో ఆస్ట్రేలియా పెట్టిన 339 లక్ష్యాన్ని జెమీమా 127 నాటౌట్‌తో దాటించింది. అంతకు ముందు ఒక మ్యాచ్‌కు ఆమెను పక్కన పెట్టారు. ఆ రోజుల్లో ఆందోళనతో ఎంత నలిగిపోయిందో మ్యాచ్ అయ్యాక అందరి ముందూ చెప్పింది. దాదాపు రోజూ ఎవరి ముందు ఏడ్చేదో, రోజూ ఎవరు వచ్చి పలకరించేవారో కూడా చెప్పింది. ఆ మనిషి హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి. రైల్వేకూ ఆడిన అమ్మాయే. ఆ సెమీ ఫైనల్ పదకొండు మందిలో ఆమె లేదు. తనకు చోటు లేని జట్టులో ఇంకొకరి గ్లాసు చూసింది. ఆ 127 పక్కన స్కోరు పుస్తకంలో ఆమె పేరు ఉండదు.

ఇప్పుడు నా సంగతి చెప్పి కూర్చుంటాను.

డ్రైవరు గారి తర్వాత నేను కెప్టెన్ అయిన మొదటి ఏడు అది. వేరే ఊరి జట్టు మన గ్రౌండ్‌కు వచ్చింది. మ్యాటింగ్ పిచ్. తెల్లవారుజామునే కొబ్బరిపీచు చాప పరిచి, నలుగురం నాలుగు వైపులా లాగి పట్టుకుంటే డ్రైవరు గారే సుత్తి తీసుకుని మేకులు కొట్టారు. మేకు తల పైకి కనబడితే ఎవడి మోకాలో చీలుతుందని, ఒక్కొక్క మేకునూ బొటనవేలితో తడిమి చూసేవారు. మాకొక ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు, షెడ్డులో ఖలాసీ. ఆ రోజు అతని బంతి చాప మీద పడి పాములా లేస్తోంది. వరసగా వేయిస్తూ పోయాను. తొమ్మిదో ఓవర్ అయ్యేసరికి వాళ్లకు ఎనిమిది వికెట్లు పోయాయి. అతని చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. బంతి నా చేతికి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. "ఇంకొక్కటి" అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. వెనక్కి తిరిగి రన్-అప్ గుర్తు దాకా నడిచి వెళ్లాడు.

మ్యాచ్ గెలిచాం. ఆ పదో ఓవర్‌లో అతని భుజం పోయింది. రెండు నెలలు పార పట్టుకోలేకపోయాడు. తర్వాత ఎప్పుడూ అంత వేగంగా వేయలేదు. సాయంత్రం డ్రైవరు గారి క్వార్టర్‌కు గెలిచామని చెప్పడానికి వెళ్లాను. ఆయన స్కోరు అడగలేదు. "వాడు రాత్రి డ్యూటీ దిగి నేరుగా గ్రౌండ్‌కు వచ్చినాడు. నీకు తెలుసా?" అన్నారు. నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. ఆయన లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. తాగి వచ్చేశాను.

ఆ బౌలర్ ఇవాళ ఈ సభలో ఉన్నాడు. మూడో వరసలో, గోడ పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఒకే వీధిలో ఉన్నాం, పెళ్లిళ్లలో పక్కపక్కన భోజనం చేశాం, ఈ సంగతి ఇద్దరం ఎత్తలేదు. డ్రైవరు గారి పేరున మాట్లాడే అవకాశం వచ్చింది కాబట్టి, అందరి ముందూ అంటున్నాను. తమ్ముడూ, ఆ రోజు నువ్వు బంతి ఇచ్చినప్పుడు నేను తీసుకుని ఉండాల్సింది.